తాత ఉత్తరాలు స్కాన్ చేయించాను: 5కి 3 స్టార్లు

మాది మిలిటరీ మాధవరం. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళం‌లో ఇటలీ వెళ్లిన మా తాత 1944లో రాసిన 14 ఉత్తరాలు పట్టుకుని తాడేపల్లిగూడెంలో ఓ స్కానింగ్ షాపుకెళ్లాను. కాగితానికి 20 రూపాయలు. కుర్రాడు బుద్ధిమంతుడు, మడతల దగ్గర చిరుగుతాయని కాగితాల్ని లోపలికి లాక్కునే ఫీడర్లో పెట్టకుండా ఒక్కొక్కటే అద్దం మీద పరిచాడు. యుద్ధంలో ఉన్న సైనికులు ఎక్కడున్నదీ రాయకూడదు కదా, అందుకే తాత ఎప్పుడూ "ఇక్కడ చలి. గేదె ఈనిందా?" అంతే. పైన ఊరి పేరుకి బదులు సైన్యం వాళ్ల ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, ఉత్తరం చదివి వదిలారనడానికి సెన్సారు ముద్ర.

ఆ ముద్ర దగ్గరే పేచీ వచ్చింది. నలుపు తెలుపులో తీసేసరికి వెలిసిన ఎర్ర సిరా మాయం! రంగుల్లో తియ్యమంటే మళ్లీ డబ్బులడిగారు. పైగా లామినేషన్ చేయించమని ఓనరు ఒకటే పోరు. ఒప్పుకోకండి, ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు.