వీబోనా, వీచాటా?
చైనాలో మామూలు మనిషి కళ్లారా చూసింది నలుగురికీ చెప్పాలంటే ముందు చేతికందేవి రెండు, 2009లో వచ్చిన, ట్విట్టర్ లాంటి వీబో, 2011లో వచ్చిన, వాట్సాప్ లాంటి వీచాట్. వార్త బయటపడటమే ముఖ్యమైతే నేను వీబోకే ఓటేస్తాను. అది నడిబజారు, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా చదువుతారు. 2011 జులైలో వెన్‌జౌ దగ్గర రెండు హైస్పీడ్ రైళ్లు ఢీకొని 40 మంది చనిపోయాక, పడిపోయిన బోగీని అక్కడే గొయ్యి తీసి పూడ్చేస్తే, ఎందుకలా చేశారని జనం ముక్తకంఠంతో నిలదీసింది వీబోలోనే.

వీచాట్ గ్రూపులో 500 మందికి మించి ఉండరు. తెలిసినవాళ్లే కాబట్టి నమ్మకం ఎక్కువ, కానీ భద్రత ఉందనుకుంటే పొరపాటే. వుహాన్ డాక్టర్ లీ వెన్‌లియాంగ్ 2019 డిసెంబర్ 30న తన క్లాస్‌మేట్ల గ్రూపులో కొత్త జబ్బు (తర్వాత కోవిడ్ అని తేలింది) గురించి జాగ్రత్త చెబితే, ఆ స్క్రీన్‌షాట్లు బయటికి పాకాయి, జనవరి 3న పోలీసులు పిలిపించి మందలించి మరీ సంతకం పెట్టించుకున్నారు. ఎంత అన్యాయం!

అయితే తుడిచేసినదాన్ని బతికించడంలో వీచాట్ జనానిదే పైచేయి. 2020 మార్చిలో అదే వుహాన్‌కి చెందిన డాక్టర్ ఐ ఫెన్ ఆ జబ్బు గురించి ఇచ్చిన ఇంటర్వ్యూని సెన్సార్ చేసి తీసేస్తే, వాళ్లు దాన్ని ఎమోజీల్లోకి, మోర్స్ కోడ్‌లోకి మార్చి, చివరి నుంచి మొదటికి తిరగరాసి మళ్లీ మళ్లీ పంచుకున్నారు.