ఆర్చర్ సీ6 రౌటర్: కడపలో ఏళ్ల వాడకం తర్వాత

కడప ఏడు రోడ్ల దగ్గర మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. కింద ఆఫీసు, పైన ఇల్లు. రెండింటికీ కలిపి టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రౌటర్‌నే ఏళ్లుగా వాడుతున్నాను. కొనమనే చెప్తాను. కాకపోతే ఇంత బాగా పనిచేస్తోందంటే, బిగించిన పద్ధతి కూడా కారణమే.

నెలనెలా 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయడానికి ఆఖరి తేదీలు. ఆ రోజుల్లో ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) మధ్యలో ఆగినా, ప్రింటర్ కనబడకపోయినా క్లయింట్ ఎదురుగానే కూర్చుని ఉంటాడు, టెన్షన్ అంతా మనకే. అందుకే కంప్యూటర్లను, ప్రింటర్‌ను వైఫై మీద పెట్టలేదు. సీ6 వెనక కేబుల్ పెట్టే లాన్ పోర్టులు నాలుగు ఉన్నాయి, అన్నీ గిగాబిట్టే, అంటే 1000 ఎంబీపీఎస్ వరకు వేగం. మా మూడు కంప్యూటర్లకు, ఒక ప్రింటర్‌కు సరిపోయాయి. వైఫై ఫోన్లకే.

కేబుల్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. లాన్ కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి. కొందరు నాలుగే జాక్‌లోకి ఎక్కించి వెళ్లిపోతారు. నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, వేగం మాత్రం 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. మా మూల కంప్యూటర్‌కు ఇదే జరిగింది. జాక్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే నారింజ, ఆకుపచ్చ జతలే లోపల ఉన్నాయి. నీలం, గోధుమ జతలను మొదట్లోనే కత్తిరించేశారు. కొత్త జాక్ వేయించి ఎనిమిదీ ఎక్కించాక ట్యాలీ బ్యాకప్ కాపీ అవడంలోనే తేడా తెలిసిపోయింది. కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగిదే అడగండి. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ పదేపదే వంచితే సులువుగా తెగుతుంది.

ఆపరేటర్ ఇచ్చే ఫైబర్ బాక్స్ కూడా ఒక రౌటరే. దాని వెనక ఇంకో రౌటర్ పెడితే బ్రౌజింగ్‌కు ఇబ్బంది లేదు కానీ, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌కు దారి ఇవ్వడం) లాంటివి రెండు చోట్లా చేసుకోవాలి. “సార్, మా బాక్సులోనే వైఫై వస్తాంది కదా, ఇంకోటెందుకు?” అన్నాడు లైన్ చూసే అబ్బాయి. విషయం చెప్పి బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాను, అంటే అది రౌటర్ పని మానేసి నెట్‌ను సీ6కు అందిస్తుంది, అంతే. తర్వాత బ్రౌజర్‌లో 192.168.0.1 అని కొట్టి సీ6 సెట్టింగ్స్ తెరిచి, నెట్ కనెక్షన్‌కు ఆపరేటర్ ఇచ్చిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అందులోనే ఇచ్చాను. అక్కడే అడ్రస్ రిజర్వేషన్‌లో ప్రింటర్‌కు ఎప్పుడూ మారని అడ్రస్‌గా 192.168.0.150 కేటాయించాను. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రింటర్‌ను వెతుక్కునే బాధ అంతటితో తీరింది.

మన పాత ఇళ్లలో కడప బండలు వేసిన గోడ గూళ్లు ఉంటాయి. రౌటర్ పెట్టడానికి చోటు బాగుందనిపిస్తుంది కానీ, పెట్టకండి. మూడు వైపులా రాయే, సిగ్నల్ బయటికి సరిగా రాదు. పైగా మన ఎండలకు లోపల వేడి నిలిచిపోతుంది. నేను గోడ మీద, తల కంటే కాస్త ఎత్తులో, గాలి తగిలేలా బిగించాను.

లోట్లూ ఉన్నాయి. యూఎస్‌బీ పోర్ట్ లేదు. వైఫై 5 వరకే, దాని తర్వాతి వైఫై 6 లేదు. దీని వైఫైకి రెండు బ్యాండ్లు; మా స్లాబ్ దాటి పైకి వేగమైన 5 గిగాహెర్ట్జ్ సరిగా అందదు, 2.4తో పిల్లల వీడియో క్లాసులు నడుస్తాయి. పైన కూడా మంచి వేగం కావాలంటే కేబుల్ లాగి, అక్కడో పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా (వైఫై ఇవ్వడానికి మాత్రమే) పెట్టుకోవడమే మేలు. కరెంటు పోయినప్పటికి మినీ యూపీఎస్ కొంటే రౌటర్‌తో పాటు ఫైబర్ బాక్సుకూ ఇవ్వండి. బాక్స్ ఆరిపోతే రౌటర్ ఒక్కటీ వెలుగుతున్నా నెట్ ఉండదు.