వైర్‌లెస్ కాలర్ మైక్: కొనేముందు, కొన్నాక

ఫోన్‌తో వీడియోలు తీయాలనుకుంటున్నాం, ముందు ఏం కొనమంటారు అని ఎవరడిగినా నేను కెమెరా అనను, లైట్ అనను, కాలర్ మైక్ అనే చెప్తాను. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం సర్దుకుని చూస్తారు గానీ మాట సరిగ్గా వినపడకపోతే నిమిషం కూడా ఆగరు. నేను వాడేది రెండు ట్రాన్స్‌మిటర్లు (మనిషి ఒంటి మీద పెట్టుకునే డబ్బాలు), ఒక రిసీవర్ (ఫోన్‌కో కెమెరాకో తగిలించేది), అన్నీ పెట్టుకోడానికి ఒక ఛార్జింగ్ కేసు ఉన్న సెట్టు. 2019లో రోడ్ (Rode) అనే కంపెనీ వాళ్ల వైర్‌లెస్ గో అనే మైక్ వచ్చాక, మైక్ లోపలే ఉన్న చిన్న డబ్బాని నేరుగా చొక్కాకి తగిలించుకునే పద్ధతి బాగా పాకిపోయింది, ఇప్పుడు చాలా కంపెనీలు ఇదే తరహాలో చేస్తున్నాయి, అందుకే ఒక్క మోడల్ గురించి కాకుండా ఈ రకం మైక్ ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది అన్నదే రాస్తున్నా. 5కి 4 ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ బ్యాటరీ వల్లే, దాని సంగతి కింద చెప్తా.

ఇంత చిన్న మైక్‌లో సౌండ్ అంత బాగా ఎలా వస్తుందంటే, అది నోటికి దగ్గరగా ఉండటం వల్ల, అంతే. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ మన గొంతు దాదాపు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) పడిపోతుంది, గదిలో గోడలకి తగిలి తిరిగొచ్చే చప్పుడు మాత్రం అంతగా తగ్గదు, అందుకే ఫోన్ రెండు మీటర్ల దూరంలో పెట్టి మాట్లాడితే బావిలోంచి మాట్లాడినట్టు వస్తుంది. కాలర్ మైక్ ఆ దూరాన్ని తీసేస్తుంది. కానీ ఇందులో ఉండే మైక్ మామూలుగా అన్ని వైపుల నుంచీ వినేదే, మన మాట ఒక్కటే ఏరుకుని పట్టుకునే శక్తేం లేదు దానికి. పక్కన ఫ్యాన్ తిరుగుతుంటే ఫ్యాన్ కూడా వస్తుంది, కాకపోతే మన గొంతు దానికంటే చాలా గట్టిగా పడుతుంది కాబట్టి చెవికి అడ్డు రాదు. ఇది తెలియక బయట గోల మొత్తం మాయమైపోతుంది అనుకుని కొని, నాసిరకం మైక్ అని ఒక స్టార్ ఇచ్చేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

కాబట్టి ఎక్కడ పెట్టుకున్నామన్నదే సగం పని. గడ్డం కింద జానెడు దూరంలో, ఛాతీకి మధ్యలో పెట్టుకోండి. ఒకే వాక్యాన్ని మూడు చోట్ల పెట్టి రికార్డ్ చేసి ఇయర్‌ఫోన్స్‌లో వినండి, మీకే తెలుస్తుంది: మెడకి మరీ ఆనించి పెడితే గడ్డం అడ్డొచ్చి స, ష లాంటి అక్షరాలు మొద్దుబారిపోతాయి, పొట్ట దగ్గర పెడితే గది చప్పుడు పెరిగిపోతుంది, కోటుకి ఒక పక్క పెడితే తల అటు తిప్పినప్పుడు గట్టిగా, ఇటు తిప్పినప్పుడు చిన్నగా వస్తుంది. మధ్యలో పెట్టిందే బాగుంటుంది. ప, ఫ, బ, భ అన్నప్పుడు నోట్లోంచి వచ్చే గాలి తగిలి టప్‌మని కొడుతుంటే కొంచెం కిందకి దించండి చాలు.

తర్వాత బట్ట. ఈ మైకులకి అసలు శత్రువు ఇదే. సిల్కు, పాలిస్టర్, గంజి పెట్టిన గట్టి బట్ట కదిలిన ప్రతిసారీ బరబరమంటుంది, మెత్తటి కాటన్ చాలావరకు నిశ్శబ్దంగా ఉంటుంది. మెడలో గొలుసు, ఐడీ కార్డు, పొడుగు జుట్టు ఇవన్నీ మైక్‌కి తగులుతుంటాయి, ముందే పక్కకి జరుపుకోండి, ఎందుకంటే మాట మధ్యలో పడ్డ ఆ టకటక ఎడిటింగ్‌లో శుభ్రంగా పోదు. మైక్ కనపడకూడదని చొక్కా లోపల దాచేవాళ్లుంటారు, దానికి సన్నటి వైర్ చివర బుల్లి మైక్ ఉండే ల్యావలియర్ ముక్కని ట్రాన్స్‌మిటర్‌కి గుచ్చి వాడటమే నయం, డబ్బాని బట్ట కింద పెడితే మాట మూగబోతుంది. బయటికెళ్తే మాత్రం గాలిని ఆపే బొచ్చు కవర్ మైక్‌కి తగిలించకుండా మాట్లాడొద్దు. చిరుగాలికి కూడా దడదడమని వస్తుంది, ఆ దడదడ కింద పడ్డ మాటని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా వెనక్కి తేలేదు. ఆ బొచ్చు ముక్క సులువుగా ఊడిపోతుంది కూడా, తిప్పి లాక్ చేసే రకమైతే మంచిది.

సౌండ్ లెవెల్ గురించి ఒక్క మాట. మీరు గట్టిగా మాట్లాడే చోట సౌండ్ లెవెల్ చూపించే మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా గెయిన్ (మైక్ సౌండ్‌ని ఎంత పెంచి తీసుకోవాలనే సెట్టింగ్) పెట్టుకోండి. చిన్నగా పడ్డదాన్ని తర్వాత పెంచుకోవచ్చు, మరీ గట్టిగా పడి పగిలిపోయినదాన్ని ఏం చేయలేం. నవ్వు, అరుపు ఎప్పుడొస్తాయో తెలియని ఇంటర్వ్యూలకి సేఫ్టీ ట్రాక్ అనే ఆప్షన్ ఉంటే ఆన్ చేసేయండి, అదే మాటని ఇంకో కాపీగా తక్కువ లెవెల్లో దాచి పెడుతుంది. 32 బిట్ ఫ్లోట్ అని పెద్ద అక్షరాలతో రాస్తున్నారు కదా, అంటే మరీ గట్టి మాటనీ మరీ చిన్న మాటనీ తర్వాత సరిచేసుకునేలా రికార్డ్ చేసే పద్ధతి, అది ఉపయోగమే, కానీ చాలా సెట్లలో అది ట్రాన్స్‌మిటర్ లోపల రికార్డయ్యే ఫైల్‌కే వర్తిస్తుంది, ఫోన్‌లోకి వెళ్లే సౌండ్‌కి కాదు. నన్నడిగితే ఈ లోపలి రికార్డింగే మొత్తం సెట్టులో అన్నిటికంటే విలువైన ఫీచర్, సిగ్నల్ మధ్యలో తెగినా అసలు ఫైల్ మీ ఛాతీ మీదే భద్రంగా ఉంటుంది. దీనికోసం ఇంకొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు.

నాయిస్ క్యాన్సిలింగ్ బటన్ నాకు నచ్చలేదు. ఆన్ చేయగానే వెనక హోరు తగ్గుతుంది నిజమే, దాంతోపాటు గొంతు కూడా పల్చబడిపోతుంది, మాటల చివర్లు తెగిపోయినట్టు, నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఒకసారి ఆ ముద్ర పడ్డాక తీసేయలేం. జనరేటర్ పక్కన నిలబడి మాట్లాడక తప్పదు అనే పరిస్థితిలో తప్ప ఆఫ్‌లోనే ఉంచండి, శుభ్రం చేసే పని తర్వాత కంప్యూటర్లో నెమ్మదిగా చేసుకోవచ్చు.

ఫోన్‌కి పెట్టినప్పుడు ఒక పరీక్ష తప్పనిసరి. రికార్డింగ్ మొదలుపెట్టి మైక్ మీద గోటితో నెమ్మదిగా గీకండి, తర్వాత ఫోన్ మీద గీకండి. రెండోదే గట్టిగా వినపడితే రిసీవర్ గుచ్చి ఉన్నా సరే రికార్డవుతున్నది ఫోన్ సొంత మైక్ నుంచే, యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎక్స్‌టర్నల్ మైక్ ఎంచుకోవాలి. మందపాటి ఫోన్ కవర్ ఉంటే పిన్ పూర్తిగా దిగదు, అదో గొడవ. కెమెరాకి వైర్‌తో కలిపేవాళ్లు పిన్ మీద నల్ల గీతలు లెక్కపెట్టుకోండి, రెండు గీతలుంటే మామూలుగా కెమెరాకి, మూడుంటే ఫోన్‌కి, తారుమారైతే సౌండ్ రాకపోవచ్చు, వచ్చినా పీలగా ఉండొచ్చు. రికార్డ్ చేసింది ప్లే చేస్తే స్పీకర్లోంచి ఏమీ రావట్లేదని కంగారు పడేవాళ్లు చాలామంది, రిసీవర్ బయటికి తీసి ప్లే చేయండి, చాలాసార్లు ఫోన్ దాన్నే హెడ్‌ఫోన్ అనుకుంటూ ఉంటుంది.

రేంజ్ దగ్గర డబ్బా మీద రాసిన మీటర్లు చూసి మోసపోవద్దు, అవి మధ్యలో అడ్డేమీ లేని మైదానం లెక్కలు. ఇవి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, వైఫై, బ్లూటూత్ తిరిగేది కూడా అక్కడే, పైగా ఆ తరంగాలని మన ఒంట్లో నీరు బాగా పీల్చేసుకుంటుంది. అందుకే కెమెరాకి వీపు తిప్పి నడిస్తే, అంటే ఒళ్లే అడ్డుగోడ అయితే, ముందుకంటే చాలా దగ్గర్లోనే మాట తెగడం మొదలవుతుంది. జనం నిండిన హాల్లో ఇంకా కష్టం. రిసీవర్‌ని ఎత్తులో, మనిషికి ఎదురుగా కనపడేలా పెడితే సగం బాధ తీరిపోతుంది.

ఇద్దరు మాట్లాడేటప్పుడు రెండు మైకులూ విడి ట్రాక్‌లుగా రికార్డ్ చేయండి. ఒకరి పక్కన ఒకరు కూర్చుంటే ఒకరి మాట రెండో మైక్‌లో కూడా కొంచెం ఆలస్యంగా పడి, రెండూ కలిస్తే డొల్లగా వినిపిస్తుంది, విడిగా ఉంటే ఎవరు మాట్లాడినప్పుడు వాళ్ల ట్రాక్ మాత్రమే ఉంచుకోవచ్చు.

ఇక బ్యాటరీ. లోపల ఉన్నది వేలి గోరంత లిథియం బ్యాటరీ, చాలావాటిలో మార్చుకోడానికి వీలుండదు, అది అరిగిపోతే మైక్ ఎంత బాగున్నా పక్కన పడేయాల్సిందే, నాకు అస్సలు నచ్చనిది ఇదే. కాబట్టి కాపాడుకోవాలి. వాడకుండా నెలల తరబడి పెట్టేస్తే పూర్తిగా ఖాళీ అవనివ్వొద్దు, సగం ఛార్జ్ ఉంచి చల్లటి చోట పెట్టండి, ఎండలో నిలబెట్టిన కారులో అస్సలు వదలొద్దు. కేసులో పెట్టినా ఛార్జ్ ఎక్కట్లేదంటే ముందు ట్రాన్స్‌మిటర్ మీదున్న బంగారు రంగు చుక్కలు చూడండి, చెమట పట్టి నల్లగానో పచ్చగానో మారిపోయి ఉంటాయి. ఆఫ్ చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపిన ఇయర్ బడ్‌తో తుడిచి, ఆరాక పెట్టండి, కేసులోపల ఎదురుగా ఉండే పిన్నులు కూడా. వాడాక ప్రతిసారీ పొడి బట్టతో చెమట తుడిచి కేసులో పెడితే అసలు ఇంతదాకా రాదు.

మైక్ రంధ్రంలోకి నోటితో ఊదొద్దు, సూది పెట్టొద్దు, గాలి స్ప్రే కొట్టొద్దు, లోపలి పొర చాలా సున్నితం. రంధ్రం కిందకి తిప్పి పట్టుకుని మెత్తటి పొడి బ్రష్‌తో రెండుసార్లు మెల్లగా తుడిస్తే దుమ్ము రాలిపోతుంది. బొచ్చు కవర్ మైక్ నుంచి తీసేసి, గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సబ్బు వేసి ఉతకొచ్చు, పూర్తిగా ఆరకుండా మాత్రం తగిలించకండి. మైక్ మీద తొడిగే ఫోమ్ టోపీలు కాలం గడిచేకొద్దీ పొడిపొడిగా రాలుతాయి, రాలడం మొదలవగానే పారేయండి, లేకపోతే ఆ పొడి రంధ్రంలోకే పోతుంది.

క్లిప్ బదులు అయస్కాంతంతో బట్ట మీద పెట్టుకునే పద్ధతి చాలా సుఖం, చొక్కా నలగదు, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టొచ్చు. కానీ పేస్‌మేకర్ లాంటి పరికరం ఉన్నవాళ్లకి దాన్ని ఛాతీ మీద పెట్టకూడదు, కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి. వేరేవాళ్లకి మైక్ పెట్టేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి, ఉంది అంటే మామూలు క్లిప్పే వాడండి, ఆ క్లిప్‌లోనూ అయస్కాంతం లేదని చూసుకుని.

కొనేముందు ఒక ట్రాన్స్‌మిటర్ పోతే విడిగా దొరుకుతుందా అని కంపెనీ సైట్‌లో చూసుకోండి, కొన్నిట్లో సెట్టు మొత్తం మళ్లీ కొనాల్సి వస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే రిసీవర్‌కి, రెండు ట్రాన్స్‌మిటర్లకీ మూడిటికీ చేయండి, ఒకటి పాతగా ఉండిపోతే ఒకదానికొకటి కలవమని మొరాయించొచ్చు, అది కూడా షూటింగ్ ముందు రోజే చేసి చూసుకుంటే మంచిది.