పద్దెనిమిదేళ్ల జానపద చిత్రాల బృందం: ఒక సభ్యుడి సమీక్ష

పాత జానపద చిత్రాలను, అందులోనూ నటుడు కాంతారావు గారి చిత్రాలను ఇష్టపడేవాళ్లం 2007లో ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమంలో ఒక బృందంగా చేరాం. ఆ బృందం తర్వాత ఫేస్‌బుక్ మీదుగా వాట్సాప్‌కు చేరుకుని, 2025 ఉగాది నాడు మూతపడింది. తొలి ఏడాది నుంచి చివరి రోజు దాకా ఉన్నవాళ్లం ఏడుగురమే మిగిలాం, వారిలో నేనొకణ్ని. నల్లగొండ జిల్లాలో తెలుగు పండితుడిగా పనిచేసి 2023లో పదవీ విరమణ చేసినవాణ్ని కనుక, జవాబు పత్రం చేతికొస్తే మార్కులు వేయకుండా వదిలే అలవాటు నాకు లేదు. ఈ బృందానికి కూడా నూటికి ఇన్నని వేస్తాను గాని, ఎక్కడ కోత పెట్టానో చెప్పిన తర్వాతే వేస్తాను.

నేను చేరడానికి కారణం పాఠశాల స్టాఫ్ రూములో జరిగిన ఒక పందెం. ‘నర్తనశాల’లో కృష్ణుడి వేషం ఎవరిదన్న మాట వచ్చినప్పుడు, మా లెక్కల సారు ఏమాత్రం తడుముకోకుండా ఎన్టీ రామారావు గారిదని అన్నారు. కాదని నాకు తెలుసు గాని, చూపించడానికి ఆధారం లేదు. ఆ సాయంత్రం గడియార స్తంభం దగ్గరి నెట్ సెంటరుకు వెళ్లి, గంటకు ఇరవై రూపాయలిచ్చి, ప్లైవుడ్ చెక్కల మధ్య ఇరుకుగా కూర్చుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి ఆ ప్రశ్న అడిగాను. గంట తిరక్కముందే మూడు జవాబులు వచ్చాయి. ఎన్టీఆర్ అందులో బృహన్నల అనీ, కృష్ణుడు కాంతారావు అనీ చెప్పి ఊరుకోకుండా, అదే 1963లో ఆయన ‘లవకుశ’లో లక్ష్మణుడిగా, ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’లో నారదుడిగా, దర్శకుడు విఠలాచార్య గారి ‘గురువును మించిన శిష్యుడు’లో కత్తి పట్టిన కథానాయకుడిగా కనిపించారని ఒకరు వరుసగా రాశారు. ఒక్క సంవత్సరంలో దేవుడు, దేవర్షి, యువరాజు, జానపద వీరుడు! నేను ఒకటి అడిగితే నాలుగు చెప్పే మనుషులున్న చోటును ఎవరు మాత్రం వదులుకుంటారు? ఆ తర్వాత నెలకే ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి మార్చే ‘లేఖిని’ సాయంతో తెలుగు లిపిలో రాయడం కూడా అక్కడివాళ్లే నేర్పారు. మా లెక్కల సారు పందెం డబ్బులు మాత్రం నేటికీ ఇవ్వలేదు.

కాంతారావు గారి మీద మా ప్రాంతం వారికి ఉన్న మమకారానికి వేరే కారణం చెప్పనక్కరలేదు. తాడేపల్లి లక్ష్మీకాంతారావుగా ఆయన పుట్టింది కోదాడ దగ్గరి గుడిబండలో, 1923 నవంబరు 16న. 2016 తర్వాత ఆ ఊరు సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది గాని, మాకు ఆయన నల్లగొండ మనిషే. తుంగతుర్తి ప్రాంతం నుంచి వెళ్లిన నటుడు డాక్టర్ ప్రభాకర్ రెడ్డి గారి గురించి కూడా బృందంలో చాలా మంచి చర్చలు జరిగాయి, అయితే అవి ఈ సమీక్షలో పట్టవు.

ఈ బృందానికి ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టింది ఇద్దరు పెద్దలు. వారిలో ఒకరు మిర్యాలగూడ ఆయన. టూరింగు టాకీసుల్లోనూ, తర్వాత పక్కా థియేటర్లలోనూ ప్రొజెక్టర్ ఆపరేటరుగా పనిచేసిన మనిషి. అందరం ఆయనను ఆపరేటర్ కాక అనేవాళ్లం. రాయడం పెద్దగా రాదు కనుక అన్నీ మాటల్లోనే, వాయిస్ మెసేజీల్లోనే చెప్పేవారు. కార్బన్ పుల్లల మధ్య మంట రగిలితేనే తెర మీద వెలుగు పడేదనీ, పుల్లలు అరిగిన కొద్దీ వాటిని దగ్గరికి జరుపుతూ ఉండకపోతే బొమ్మ పసుపు తిరిగి ‘లైటూ’ అని నేల టికెట్టు వాళ్లు కేకలు పెట్టేవారనీ ఆయన చెబుతుంటే, చిన్నప్పుడు అలా కేకలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నానని ఒప్పుకున్నాను. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుందనీ, ఒకే ప్రొజెక్టరు ఉన్న టాకీసులో రీలు మారినప్పుడల్లా ఆట ఆగి దీపం వెలిగేదనీ, ఆ విరామాలు లెక్కపెట్టి కథ ఎంత మిగిలిందో చెప్పగలిగిన పిల్లలుండేవారనీ ఆయన చెప్పినవి ఏ సినిమా చరిత్రలోనూ నేను చదవలేదు.

అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది మాయల గురించి ఆయన చెప్పిన మాట. మాంత్రికుడు మంత్రం వేసి మాయమయ్యే దృశ్యంలో జరిగేది ఏమిటంటే, కెమెరాను కదపకుండా ఆపేస్తారు, ఆ వేషధారి పక్కకు వెళ్లిపోతాడు, మిగతావారు ఎక్కడివాళ్లక్కడే బిగబట్టి నిలబడితే మళ్లీ కెమెరా తిప్పుతారు. ఇది మేం చదివి తెలుసుకున్నదే. కాక మాత్రం దాన్ని వేల ఆటలు వేసిన కంటితో చెప్పారు: “మాంత్రికుణ్ని సూడకు సారూ, పక్కకు నిలవడ్డోని శెయ్యి సూడు. మంత్రగాడు గాయబైనప్పుడు గా శెయ్యి జర ఎగిరిపడ్తది.” ఆ రాత్రి ఒక పాత చిత్రం పెట్టుకుని చూశాను. నిజమే, రాజుగారి వెనక ఈటె పట్టుకున్న భటుడి మోచేయి అంగుళం మేర గెంతింది. ఎంత బిగబట్టినా మనిషి మనిషే కదా. యాభై ఏళ్లుగా చూస్తున్న మాయలో నాకు కనబడని మనిషి ఆ రోజు కనబడ్డాడు.

రెండో పెద్దమనిషి దేవరకొండ ఆయన, కిరాణా వ్యాపారి. ఆయన దగ్గర ఒక రేకు ట్రంకు నిండా పాటల పుస్తకాలుండేవి. థియేటరు గుమ్మం దగ్గర పైసల్లో అమ్మిన ఆ పలుచటి పుస్తకాల్లో నటీనటుల పట్టిక, సగం కథ, ‘శేషం వెండితెరపై’ అన్న మాట, ఆ వెనక పాటలు ఉండేవి. ఎవరైనా పాట రచయిత పేరు మీద వాదనకు దిగితే, ఆయన మాట్లాడకుండా ఆ పేజీ ఫొటో తీసి పెట్టేవారు. గోధుమ రంగుకు తిరిగిన కాగితం, అంచున చెదలు కొట్టిన చిల్లు, ఒక మూల వక్కాకు మరక, పక్కనే తూకపు రాయి నీడ. బేరాల మధ్య గల్లాపెట్టె మీద పెట్టి తీసిన ఫొటో అని చూడగానే తెలిసేది. వాదన అక్కడితో ముగిసేది. ఆధారం చూపి నోరు మూయించడంలో ఇంత మర్యాద ఉంటుందని నాకు నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తెలియలేదు.

ఇక లోపాలు. నలుపు తెలుపు చిత్రంలో గుర్రం రంగు ఏమిటని మూడు రోజులు కొట్టుకున్న బృందం ఇది. ఉదయాన్నే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు, ఎవరో బతికుండగానే పోయారని శ్రద్ధాంజలులు, అసలు ఎవరివో తెలియని ఫొటోలకు పెద్ద పేర్లు తగిలించిన ఫార్వర్డులు, ఇవన్నీ వాట్సాప్‌కు వచ్చిన తర్వాత పెరిగాయి. అడిగిన ప్రశ్న పైకి జరిగిపోయి, జవాబు రాకముందే ఇరవై దండాల గుర్తులు పడేవి. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగిన రోజుల్లో, కాంతారావు గారికి రావలసిన గుర్తింపు రాకపోవడానికి ఆయన ప్రాంతమే కారణమా అన్న వాదన పుట్టి, కొందరు వెళ్లిపోయారు. సొంతంగా ‘సప్తస్వరాలు’ వంటి చిత్రాలు తీసి నష్టపోవడం, జానపదాల కాలమే చెల్లిపోవడం కూడా కారణాలేనని నా అభిప్రాయం. అయితే ఆ వాదన రావడం తప్పని నేను అనను. మా మధ్య ఆ మాట అంతకు ముందు రాకపోవడమే వింత. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది, అదే ఏడాది సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. కొత్త చోటికి చేరేసరికి వెళ్లిపోయినవారిలో సగం మంది తిరిగి వచ్చారు.

వీటన్నిటికీ కలిపి పది మార్కులే తీస్తాను. ఎందుకంటే అసలు కోత వేరే ఉంది.

2007 చివర్లోనే, కాంతారావు గారు హైదరాబాదులో ఉన్నారు కదా, అందరం వెళ్లి ఒకసారి కలిసి వద్దామని ఎవరో అన్నారు. నల్లగొండ నుంచి హైదరాబాదు నూరు కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. అందరూ సరే అన్నారు. ఆ తర్వాత ఆదివారమా, రెండో శనివారమా అన్న దగ్గర ఒక నెల గడిచింది. శాలువా కప్పాలా, జ్ఞాపిక ఇవ్వాలా, దాని మీద ఎవరెవరి పేర్లు ఉండాలి అన్న దగ్గర ఇంకో రెండు నెలలు. 2008 వేసవిలో ఖాయమనుకున్న తేదీని, పదో తరగతి పేపర్లు దిద్దే పని ఉందని వాయిదా వేయించింది నేనే. దసరా తర్వాత చూద్దామన్నాం, సంక్రాంతి తర్వాత చూద్దామన్నాం. 2009 మార్చి 22, ఆదివారం నాడు ఆయన కన్నుమూశారు. ఆ రాత్రి బృందంలో పడిన సందేశాలన్నీ ఆయన చిత్రాల పేర్లు, తేదీలు, వేషాలు, సంభాషణలే. అన్నీ సరైనవే, ఒక్కదానిలోనూ తప్పు లేదు. ఆయన గురించి అంత తెలిసిన గుంపులో ఆయన ఇంటి గడప తొక్కినవాడు ఒక్కడూ లేడు.

దీనికి ఇరవై మార్కులు తీశాను. అందులో సగం నా ఖాతాలోవి. ఆయన శతజయంతి నాడు, 2023 నవంబరు 16న, ఎనిమిది మందిమి గుడిబండ వెళ్లాం. ఆ ప్రయాణానికి తేదీ ఒక్క పూటలో కుదిరింది.

ఇలాంటి బృందాలు నడిపేవారికి ఉపయోగపడుతుందని ఒక సాంకేతిక విషయం చెబుతాను. మూసివేత కబురు తెలిసిన తర్వాత మా నిర్వాహకుడు మొత్తం వాట్సాప్ సంభాషణను ఫైలుగా బయటికి తీశారు. బొమ్మలు లేకుండా అయితే ఒకసారికి 40,000 సందేశాలు, బొమ్మలతో కలిపితే 10,000 మాత్రమే వస్తాయి. తొమ్మిదేళ్ల ముచ్చట్లకు అది ఏ మూలకు? పైగా అక్షరాల ఫైలులో మనం రాసినవి ఉంటాయి గాని కాక గొంతు ఉండదు. నా ఫోనులో ఉన్నవి అంతకు ముందే పోయాయి. తెర పగిలిందని ఒక దుకాణంలో ఇస్తే, బాగుచేసే కుర్రాడు నన్ను అడగకుండానే అంతా తుడిచి ఇచ్చాడు. అందుకని ఇంకొక సభ్యుడి ఫోను నుంచి కాక మెసేజీలు తెప్పించుకుని, రెండు వారాల పాటు రోజూ మధ్యాహ్నం విని, ఆయన యాసను సవరించకుండా రెండు లాంగ్ నోటు పుస్తకాల్లోకి ఎత్తి రాశాను. పండితుడికి సవరించకుండా రాయడం ఎంత కష్టమో సాటి పండితులకే తెలుస్తుంది.

మూసివేతకు కారణం గొడవ కాదు. నిర్వాహకుడికి కంటి చూపు మందగించింది, దేవరకొండ ఆయన 2021లో కాలం చేశారు, కాకకు వినికిడి తగ్గింది, ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కరువయ్యారు. వేరొకరికి అప్పగించమని కొందరు బతిమాలినా నిర్వాహకుడు ఒప్పుకోలేదు. నాకు ఆ నిర్ణయం నచ్చింది. శుభోదయాల కోసం దుకాణం తెరిచి ఉంచనక్కరలేదు.

చివరి వారంలో వీడ్కోలు సందేశాలు వందకు పైగా వచ్చాయి. వాటిలో ఒకటి నన్ను పట్టి కుదిపింది. వనపర్తి నుంచి ఒక సోదరి, తొమ్మిదేళ్లలో ఒక్క మాట కూడా రాయని సభ్యురాలు, ఇలా రాశారు: “మా నాయినకు చూపు పోయినంక మీరు రాసినయన్నీ రాత్రిపూట చదివి వినిపించేదాన్ని. పెద్దాయన మాటలైతే ఫోను చెవి కాడ పెట్టుకొని మళ్లమళ్ల వినేటోడు. పోయిన కార్తీకంల పోయిండు. మీకు చెప్పి పోదామని రాస్తున్న.” గ్రూపులో 256 మందికే చోటున్న రోజుల్లో, కొత్తవారు బయట ఎదురు చూస్తున్నారు కనుక ఉలుకూ పలుకూ లేనివారిని తీసేద్దామని 2018లో నేనే ఒక జాబితా చేసి నిర్వాహకుడికి పంపాను. ఆయన దాన్ని పక్కన పడేశారు. పాత కాగితాల్లో వెతికి చూస్తే ఆ జాబితాలో ఆమె నంబరు ఉంది. ఆ నిర్వాహకుడికి ఐదు మార్కులు కలుపుతున్నాను, మొత్తం నూటికి డెబ్భై ఐదు.

ఉగాది తర్వాతి ఆదివారం బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లాను. ఎవరితోనూ తేదీ మాట్లాడలేదు. ఇన్నేళ్లలో కాకను నేరుగా చూడటం అదే మొదలు. గొంతును బట్టి భారీ మనిషి అనుకున్నాను గాని, సన్నగా, పొట్టిగా ఉన్నారు. కుడిచేతి రెండు వేళ్ల కొసల మీద కార్బన్ కాల్చిన పాత మచ్చలున్నాయి. నేనెవరో గట్టిగా రెండుసార్లు చెప్పినా వినపడక, ఆయన కోడలు చెవి దగ్గర చెబితే “తెలుగు సారా!” అని చెయ్యి పట్టుకున్నారు. మాటలు సాగవని తెలిసి, నోటు పుస్తకాలు ఆయన ముందు పెట్టి, ఫోనులో ఆ మాయల దృశ్యం పెట్టాను. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని ఫోనును దగ్గరికి తీసుకున్నారు. మాంత్రికుడు ఇంకా మంత్రం మొదలుపెట్టకముందే, ఆ మచ్చల వేలు తెర మీద భటుడి మోచేతి దగ్గర పెట్టి, నా వైపు చూస్తూ కూర్చున్నారు.