భీమవరం శివారులో ఒక గేటెడ్ లేఅవుట్: స్థలం చూసి వచ్చాక

మా బావమరిది ఇంటి స్థలం కోసం వెతుకుతుంటే అతని వెంట వెళ్ళి, భీమవరం శివారులో పాలకొల్లు వైపు వేస్తున్న ఒక గేటెడ్ లేఅవుట్‌ను చూశాను. ఇందులోని లోపాలు ఆ ఒక్క సంస్థవే కావు కనుక పేరు చెప్పడం లేదు.

ముందుగా బాగున్నవి చెప్పాలి. లేఅవుట్ అనుమతి, రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ సంస్థ) నమోదు పత్రాలు మేము అడగకముందే బల్ల మీద పెట్టారు. నలభై అడుగుల సిమెంటు రోడ్లు వేశారు. చట్టప్రకారం వదలవలసిన 10 శాతం ఖాళీ స్థలాన్ని ఏ మూలకో నెట్టకుండా మధ్యలోనే పార్కుకు కేటాయించారు. నిన్నటిదాకా వరిచేను కాబట్టి మెరక కూడా ధారాళంగా తోలారు. రోడ్డు మీద నిలబడితే పక్క చేను నడుము లోతున కనబడుతుంది.

ధర దగ్గరికి వస్తే, గజం రేటు కంటే ప్లాటు కొలతే అసలు సంగతి. ఇక్కడ 200 గజాలకు తక్కువ ప్లాటు లేదు. సెంటుకు 48.4 గజాలు కాబట్టి ఇది నాలుగు సెంట్ల పైమాటే. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గరి కొమరగిరిలో మొదలైన పంపిణీలో ప్రభుత్వం పట్టణ పేదలకు ఇచ్చినది సెంటు చొప్పున. సెంటు స్థలంలో కాపురం ఇరుకే, కాదనను. కాని రెండు సెంట్లు కొనగలిగిన ప్రైవేటు బడి పంతులుకో, రొయ్యల ప్లాంటు సూపర్‌వైజరుకో ఈ రెంటి మధ్య ఏమీ దొరకదు. బేరమాడితే గజం మీద కొంత తగ్గిస్తారు గాని, వంద గజాలు కోసి ఇమ్మంటే ససేమిరా అంటారు. ఫ్లాట్లు కట్టరాదు, స్థలాన్ని ముక్కలు చేసి అమ్మరాదు అనే షరతులు దస్తావేజులోనే ఉంటాయట.

ఎందుకలా అని అడిగితే సైటు చూపించే కుర్రవాడు దాపరికం లేకుండా చెప్పాడు: “వంద గజాలు పెడితే ఎవరు పడితే వాళ్ళు వచ్చేస్తారండి. ఇప్పటిదాకా బుక్ చేసుకున్నోళ్ళంతా మన వాళ్ళేనండి, ఆయ్.” కారెక్కగానే మా ఇంటిపేరు, ఊరు ఎందుకు ఆరా తీశాడో అప్పుడు అర్థమైంది. పడమటి గోడకు అవతల దళితుల పేట ఉంది. మూడు వైపులా ఆరడుగులున్న ప్రహరీ ఆ వైపు మాత్రం తొమ్మిది అడుగులు లేచింది.

ఊరు వేరుగా, పేట వేరుగా ఉండడం మనకు పాతదే. దానికి గజాల లెక్క తోడు కావడమే కొత్త. ఆ లెక్క అమెరికాలో వందేళ్ళ నాడే తేలింది. తెల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న వీధుల్లో నల్లవాళ్ళు కాపురం పెట్టరాదన్న లూయీవిల్ నగర శాసనాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1917లో కొట్టివేసింది. అదే కోర్టు 1926లో యూక్లిడ్ గ్రామం కేసులో జోనింగ్‌ను, అంటే ఏ ప్రాంతంలో ఎలాంటి కట్టడాలు ఉండాలో నిర్ణయించే నిబంధనలను, సమర్థిస్తూ, విడి ఇళ్ళ మధ్య వెలిసే అపార్టుమెంటును పరాన్నజీవి అన్నది. ఇక జాతి ఊసెత్తవలసిన పని లేకపోయింది. కనీస స్థలం ఇంత, ఇంటికి ఒకే కుటుంబం అని నిబంధన రాస్తే చాలు, డబ్బు లేనివాళ్ళు, అందులో ఎక్కువగా నల్లవాళ్ళు, పొలిమేరలోనే ఆగిపోయారు. మన సుప్రీంకోర్టు కూడా 2005లో అహ్మదాబాదులోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ సభ్యత్వాన్ని తమవారికే పరిమితం చేసుకున్న నిబంధనను చెల్లుతుందన్నది. ఈ లేఅవుట్‌కు ఆపాటి కాగితం కూడా అక్కరలేకపోయింది.

ప్రభుత్వ విధానం దీన్ని సరిదిద్దిందా అంటే, అదీ లేదు. లేఅవుట్లలో 5 శాతం స్థలం పేదల ఇళ్ళకు ఇవ్వాలని 2021 డిసెంబరులో ఉత్తర్వు తెచ్చి, దాన్ని మూడు కిలోమీటర్ల లోపు మరోచోట చూపించినా సరేనన్నారు. ప్రభుత్వ కాలనీలు కూడా చౌక భూమి దొరికిన చోటే లేస్తాయి; రాజమహేంద్రవరం దగ్గర బూరుగుపూడి ఆవ భూములను ఇళ్ళ స్థలాలకు కొన్నప్పుడు, అవి ముంపు భూములన్న వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది.

నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచినది మురుగునీటి దారి. చేను మధ్యగా పోయే పాత బోదె ఇప్పుడు ప్రహరీ అడుగున ఒక తూముగా మిగిలి, పేట రోడ్డు పక్కన తెరుచుకుంటోంది. డెల్టాలో నేల వాలు అంతంతమాత్రం కాబట్టి, ఒకచోట మెరక చేస్తే నీళ్ళు పక్కవాడి వాకిట్లో నిలుస్తాయి. గోడ అవతలికి వెళ్ళి చూస్తే, ఒక పెద్దావిడ గ్యాసు బండను నాలుగు వరసల ఇటుకల మీదికి ఎత్తి పెట్టుకుంది. “గోడ కట్టాకే బాబూ ఇలాగ. ఇదివరకు నీళ్ళు చేలోకి పోయేవి” అన్నది. ఈ సంగతి అడిగితే సైటు ఆఫీసులో చూద్దామన్నారే గాని, ప్లానులో తూము గీత ఎక్కడుందో చూపించలేకపోయారు.

రోడ్లకు, పత్రాలకు ఐదింటికి నాలుగు మార్కులు వేస్తాను; మురుగు ఏర్పాటుకు ఒకటి. వంద గజాలు చాలనుకునేవారు అంత దూరం వెళ్ళనక్కరలేదు. వెళ్ళేవారు వాన వెలిసిన మర్నాడు వెళ్ళి, గోడకు రెండు వైపులా చూడడం మంచిది. మా బావమరిది అడ్వాన్సు ఇవ్వలేదు. ఊళ్ళోనే 110 గజాల పాత పెంకుటిల్లు ఒకటి బేరమాడుతున్నాడు, దాని గజం రేటు ఇంతకన్నా ఎక్కువే.