ఓడలకు దారి చూపిన దాయాదులు: శ్రీలంక పాత రాజధానుల్లో మా యాత్ర

శ్రీలంక అనగానే మన ట్రావెల్స్ వాళ్ళు చూపించేవి రెండే: రామాయణ యాత్ర, లేదంటే బీచ్ ప్యాకేజీ. మేం ఆ రెండూ వదిలేసి పాత రాజధానుల దారి పట్టాం. అనూరాధపురం, సిగిరియా, పొలన్నరువ, చివర్లో క్యాండీ. చోళులు, పాండ్యులు, కళింగులు, ఆఖరికి ఇంగ్లీషువాళ్ళు ఓడలెక్కి ఈ ద్వీపం మీదికి వచ్చారని అందరం చదువుకున్నదే. కానీ అంత చిన్న సముద్రపాయ అవతల ఉన్న రాజ్యం మీదికి రావడం కొన్నిసార్లే ఎందుకు కుదిరింది? ఆ రాళ్ళ మధ్య తిరిగాక నాకు జవాబు దొరికినట్టే అనిపించింది. ఓడలు ఒడ్డుకు చేరకముందే రాజుగారింట్లో తగువు మొదలయ్యేది. అన్న మీద కోపంతో తమ్ముడు సముద్రం దాటి వెళ్ళేవాడు, సైన్యాన్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చేవాడు. అలా ఎవరూ పిలవకపోయినా, ఇల్లు రెండుగా చీలిందన్న కబురు అవతలి ఒడ్డుకు చేరితే చాలు.

హైదరాబాద్ నుంచి కొలంబోకి నేరుగా విమానం ఉంది. చెన్నై మీదుగా అయితే రోజుకి ఎక్కువ సర్వీసులు దొరుకుతాయి. వెళ్ళే ముందు ఆన్‌లైన్‌లో ఈటీఏ, అంటే ప్రయాణ అనుమతి, తీసుకోవాలి. పాస్‌పోర్ట్ ఎప్పుడూ దగ్గరే ఉంచుకోండి. పాత రాజధానుల టికెట్లు విదేశీయులకు డాలర్లలో ఉంటాయి, సార్క్ దేశాల వాళ్ళకు దాదాపు సగానికే ఇస్తారు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒక కౌంటర్లో ఒప్పుకోలేదు, పాస్‌పోర్ట్ చూపిస్తే ఇంకేమీ అడగకుండా ఇచ్చారు. నలుగురు మనుషులం కాబట్టి ఆ తేడా చిన్నదేమీ కాదు.

అనూరాధపురంలో నువర వెవ చెరువు వైపు ఒక ఇంట్లో దిగాం. కింద వాళ్ళ కుటుంబం, మేడ మీద మూడు గదులు. ఏసీ, దోమతెర, వేడినీళ్ళు అన్నీ సరిగ్గా ఉన్నాయి. పొద్దున ఇడియాప్పం, కొబ్బరిపాలు పోసిన పప్పు, పోల్ సంబోల్ పెట్టేవారు. శాకాహారులకు ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. సంబోల్ అంటే పచ్చికొబ్బరి కారమే కానీ, అందులో ఎండుచేప పొడి కలపడం అక్కడి అలవాటు. 'ఉంబలకడ' లేకుండా చేయమని ముందే చెప్పాలి. మా అమ్మ కోసం ఆ ఇంటావిడ విడిగా రోట్లో నూరి ఇచ్చింది. హోటళ్ళలో అంత ఓపిక ఉండదు.

అనూరాధపురం ఊరు పెద్దది, ఎండ ఎక్కువ. గుళ్ళ దగ్గర చెప్పులు విడవాలి, మధ్యాహ్నానికి రాతి నేల కాలిపోతుంది. సాక్సులు వేసుకోనిస్తారు, తప్పకుండా తీసుకెళ్ళండి. భుజాలు, మోకాళ్ళు కప్పే లేతరంగు బట్టలైతే ఎక్కడా ఇబ్బంది ఉండదు. పౌర్ణమి నాడు, అంటే వాళ్ళ పోయ రోజున, శ్రీ మహాబోధి అనే పవిత్ర బోధివృక్షం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. భక్తి చూడాలనుకుంటే ఆ రోజే రావాలి, శిథిలాలు తీరిగ్గా చూడాలంటే మాత్రం వేరే రోజు పెట్టుకోండి.

రువన్వెలిసాయ స్తూపం కట్టించిన దుట్టగామణి, చోళదేశం నుంచి వచ్చి 44 ఏళ్ళు ఏలిన ఎలారుణ్ణి ఓడించినవాడు. ఓడించాక అతనికి సమాధి కట్టించి, దాని ముందు వెళ్ళేటప్పుడు వాద్యాలు ఆపాలని ఆజ్ఞ వేశాడని లంక పాత చరిత్ర గ్రంథం మహావంశం చెబుతుంది. అదే దుట్టగామణి తన సొంత తమ్ముడు సద్ధాతిస్సతో సింహాసనం కోసం యుద్ధం చేశాడు. పరాయివాడికి అంత గౌరవం ఇచ్చిన మనిషి కూడా తోడబుట్టినవాడితో కత్తి దూయక తప్పలేదు.

నాకు బాగా నచ్చింది ఇసురుమునియ. చెరువు పక్కన రాతిగుట్ట, నీటి అంచున ఆ రాతిలోనే చెక్కిన ఏనుగులు. మహాబలిపురం చూసినవాళ్ళకు ఈ చెయ్యి ఎక్కడో చూసినట్టే ఉంటుంది. 7వ శతాబ్దంలో మానవమ్మ అనే రాకుమారుడు రాజ్యం దక్కక కాంచీపురం వెళ్ళి పల్లవ నరసింహవర్మ కొలువులో చేరాడు. చాళుక్యుల మీద యుద్ధంలో ఆయన పక్కన నిలబడ్డాడు, బదులుగా ఓడలూ సైన్యమూ పొందాడు. మొదటి దండయాత్ర విఫలమైంది, మరోసారి వచ్చి గెలిచాడు. పల్లవుల శిల్పశైలి ఇక్కడికి చేరిన దారుల్లో ఇదీ ఒకటని చెబుతారు.

ఈ నగరం కథ ముగిసిన తీరు మాత్రం బాధ కలిగిస్తుంది. ఐదవ మహిందుడి దగ్గర సైనికులకు జీతాలివ్వడానికి డబ్బు లేదు. వాళ్ళు తిరగబడ్డారు, రాజు దక్షిణాన రోహణకు పారిపోయాడు. ఆ సంగతి చోళరాజు చెవిన వేసింది ఒక గుర్రాల వ్యాపారి అని మహావంశానికి కొనసాగింపైన చూళవంశం రాస్తుంది. 993లో రాజరాజ చోళుడి సేన దిగింది. 1017లో రాజేంద్రుడు మహిందుణ్ణే పట్టుకుని తీసుకుపోయాడు, ఆయన తిరిగి రాలేదు, 1029లో అక్కడే చనిపోయాడు. ఆయనతో పాటు ఒక కిరీటం కూడా వెళ్ళింది. దాదాపు ఒక శతాబ్దం ముందు చోళుల చేతిలో ఓడిన పాండ్యరాజు రాజసింహుడు దాన్ని లంకలో దాచిపెట్టి వెళ్ళాడు.

సిగిరియా దారిలో కాల వెవ చెరువు కట్ట మీద కారు ఆపించండి. టికెట్ లేదు, దుకాణాలు లేవు. దీన్ని తవ్వించిన ధాతుసేనుణ్ణి కొడుకు కాశ్యపుడు ఖైదు చేసి, దాచిన సొమ్మంతా చూపించమన్నాడు. ముసలి రాజు ఈ చెరువులో దిగి స్నానం చేసి, నా ఆస్తి ఇదే అన్నాడట. కాశ్యపుడు తండ్రి చుట్టూ గోడ కట్టించి చంపించాడు. పట్టపురాణి కొడుకు మొగ్గల్లానుడు ప్రాణభయంతో సముద్రం దాటాడు. తమ్ముడు ఎప్పుడొస్తాడోనన్న భయంతో కాశ్యపుడు సిగిరియా బండ మీద కోట కట్టుకుని పద్దెనిమిదేళ్ళు గడిపాడు. 495లో మొగ్గల్లానుడు సేనతో వచ్చాడు. యుద్ధంలో బురదనేల చూసి కాశ్యపుడి ఏనుగు పక్కకు తిరిగింది. రాజు వెనక్కి తగ్గాడనుకుని సైన్యం చెదిరిపోయింది. కాశ్యపుడు తన గొంతు తానే కోసుకున్నాడు.

ఇంత కథ ఉన్నా సిగిరియాకు నేను మొదటి స్థానం ఇవ్వను. టికెట్ అన్నిటికంటే ఖరీదు, మెట్లు దాదాపు 1200, పొద్దెక్కితే ఇనప మెట్ల మీద క్యూ కదలదు. గేటు తెరిచేసరికి అక్కడ ఉండాలి. ఆ కుడ్యచిత్రాల రంగు, అద్దంలాంటి గోడ మీద 8 నుంచి 10వ శతాబ్దాల యాత్రికులు గీసి వెళ్ళిన పద్యాలు, సింహపు పంజాలు చూసితీరాల్సినవే. చిత్రాల దగ్గర ఫొటోలు తీయనివ్వరు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింద తోటలు, నీటిమడుగుల వరకే చూసినా తృప్తిగా ఉంటుంది. మా అమ్మ అదే చేసింది. బండ మొత్తం ఒక్క చూపులో కావాలంటే పక్కనున్న పిదురంగల ఎక్కండి, టికెట్ చాలా తక్కువ. చివర్లో బండరాళ్ళ మీద చేతులతో పాకాలి, చిన్నపిల్లలతో వద్దు.

బసకు హబరణ మంచిది. సిగిరియాకు, పొలన్నరువకు మధ్యలో ఉంటుంది. సిగిరియా ఊళ్ళో గదులు అందంగా ఉంటాయి కానీ సీజన్లో రేటు ఎక్కువ. దంబుల్లా బజారు ఊరు, లారీల రొద. ఎక్కడున్నా చీకటి పడ్డాక రోడ్డు మీద నడవొద్దు, ఏనుగులు తిరుగుతాయి. మాకు దొరికిన డ్రైవర్ నెమ్మదిగా, జాగ్రత్తగా నడిపాడు. కానీ రోజూ ఏదో ఒక మసాలా తోటకో, రాళ్ళ దుకాణానికో తీసుకెళ్ళబోయేవాడు. మొదటి రోజే గట్టిగా వద్దని చెప్పాక ఆ టెన్షన్ పోయింది.

ఇక పొలన్నరువ, చోళులు లంకలో రాజధాని చేసుకున్న ఊరు. ఈ యాత్రకు ప్రాణం ఇదే. రెండు రాత్రులు ఇక్కడే ఉండమంటాను. సైకిళ్ళు అద్దెకిస్తారు, దారంతా చెట్ల నీడ, సమతలం. లైసెన్స్ ఉన్న గైడ్‌ని ఒక పూటకు పెట్టుకున్నాం, ఆ డబ్బుకు పూర్తి న్యాయం జరిగింది.

రెండో నంబరు శివాలయం దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. చిన్న గుడి, మొత్తం రాయి. ఇటుక కట్టడాల మధ్య తంజావూరు నుంచి తెచ్చి పెట్టినట్టుంటుంది. లోపల లింగం, దాని మీద ఆ ఉదయం ఎవరో పెట్టిన పూలు. రాజరాజు రాణి పేరున దీన్ని వానవన్‌మాదేవి ఈశ్వరం అన్నారు. గోడల మీది తమిళ శాసనాల్లో అధిరాజేంద్ర చోళుడిది ఉంది. ఆ పేరు వినగానే నాకు రాజమహేంద్రవరం గుర్తొచ్చింది. ఎందుకంటే 1070లో అధిరాజేంద్రుడు గద్దెనెక్కిన కొద్ది నెలలకే హతమయ్యాడు, ఆ సింహాసనం మీద కూర్చున్నది మన వేంగి రాకుమారుడు. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడి కొడుకు, రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవి బిడ్డ. కులోత్తుంగ చోళుడిగా చరిత్రకెక్కాడు.

అప్పటిదాకా ఏళ్ళ తరబడి రోహణ అడవుల్లోంచి చోళులతో పోరాడుతున్న సింహళ రాజు విజయబాహువుకు సరిగ్గా ఆ ఏడే పొలన్నరువ చిక్కింది. చోళుల ఇంట్లో వారసుల గొడవ రేగింది, కొత్త రాజుకు తన గద్దె నిలబెట్టుకోవడమే పెద్ద పని. అంతకుముందు లంకలో ఇల్లు చీలితే చోళుల ఓడలొచ్చాయి, ఇప్పుడు చోళుల ఇల్లు చీలితే లంక విడుదలైంది. ఈ మలుపులో వేంగి రాకుమారుడికి వాటా ఉందని మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాలని నా కోరిక.

బుద్ధుడి దంతధాతువు, అంటే పవిత్ర దంతం, ఉంచిన అటదాగె అనే ఆలయం పక్కన వేళైక్కారుల తమిళ శాసనం నిలబడి ఉంది. ఆ ఆలయాన్ని మేం కాపాడతామని దక్షిణాది కిరాయి సైనికులు ఇచ్చిన మాట. చోళుల మీద యుద్ధానికి వెళ్ళమంటే విజయబాహువు మీదే తిరగబడింది కూడా ఈ దళాలే.

పరాక్రమబాహువు కథ మరీ ఆసక్తికరం. బంధువులతో అంతర్యుద్ధం గెలిచి 1153లో రాజైన ఈయన కాలంలో ఓడలు ఎదురు దిశలో నడిచాయి. మదురైలో పాండ్య వారసులు ఇద్దరు కొట్టుకుంటే ఒకడు ఈయన్ను పిలిచాడు. సేనాని లంకాపురుడు రామేశ్వరం పక్క దిగేలోపే పిలిచినవాడు హతమయ్యాడు, అయినా అతని కొడుకు పక్షాన యుద్ధం సాగింది. రెండోవాడి వైపు చోళులు నిలిచారు.

చెరువు గట్టున నిశ్శంకమల్లుడి సభామండపం ఉంది. జనం తక్కువగా వస్తారు, మీరు మాత్రం వదలొద్దు. స్తంభాల మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెక్కించాడు. రాజుకు కుడివైపు యువరాజు, రాకుమారులు, సేనానులు, రాతగాళ్ళు. ఎడమవైపు మండలాధిపతులు, వర్తకులు. వేలితో తడిమితే అక్షరాలు ఇంకా తగులుతాయి. కళింగంలోని సింహపురం నుంచి వచ్చినవాణ్ణని చెప్పుకున్న రాజు ఈయన. అది శ్రీకాకుళం దగ్గరి సింగుపురమని కొందరు చరిత్రకారుల మాట. లంక సింహాసనం కళింగ వంశానిదేనని రాళ్ళ మీద పదేపదే చెక్కించాడు. 1196లో ఆయన పోయాడు. యువరాజు స్థానం రాతిలో అంత భద్రంగా ఉన్నా, కొడుకు వీరబాహువు ఒక్క రాత్రికి మించి నిలవలేదు. తర్వాత ఒకడికి మూడు నెలలు, ఒకడికి తొమ్మిది నెలలు. లీలావతి రాణిని మూడుసార్లు గద్దెనెక్కించి మూడుసార్లు దించారు. చోళదేశం నుంచి సైన్యంతో వచ్చిన అనికంగుడు పసివాడైన రాజును చంపి 17 రోజులు ఏలాడు. 1215లో కళింగ మాఘుడు దిగేసరికి ఎదురు నిలిచే ఇల్లే మిగల్లేదు.

ఇది తెలిశాక గల్ విహారలో రాతిలో చెక్కిన బుద్ధుల ముందు కూర్చోవడం వేరుగా ఉంటుంది. సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళండి, రాయి రంగు మారుతుంది.

క్యాండీ ట్రాఫిక్ గురించి ఎక్కువ రాయను. బస సరస్సుకు నడిచి వెళ్ళేంత దూరంలో చూసుకోండి, కొండ మీది గదులకు ప్రతిసారీ ఆటో కావాలి. మీటరు లేని ఆటోతో బేరమాడేకంటే పిక్‌మీ యాప్ హాయి. ఈ సరస్సు తవ్వించిన శ్రీవిక్రమ రాజసింహుడి అసలు పేరు కన్నసామి. 1739 నుంచి ఇక్కడ ఏలిన నాయక్కర్లు మధుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న కుటుంబం. 1803లో ఇంగ్లీషువాళ్ళు క్యాండీలోకి వస్తూ తమ వెంట ఒక పోటీ రాజును తెచ్చారు, పాత రాణి తమ్ముడు ముత్తుసామి. అప్పుడు ఓడి అతన్ని అప్పగించి పోయారు, క్యాండీ వాళ్ళు అతన్ని చంపేశారు. 1815లో సామంతులే రాజు మీద తిరగబడితే పెద్ద యుద్ధం లేకుండానే రాజ్యం చేతులు మారింది. మార్చి 2న ఒప్పందం జరిగిన మగుల్ మడువ దంతాలయం పక్కనే ఉంది. ఆలయంలో సాయంత్రం పూజకు రద్దీ ఉంటుంది, ఆ మండపం దగ్గర మాత్రం ప్రశాంతంగా నిలబడి చెక్క స్తంభాలు చూడొచ్చు.

ఆ రాజుల సింహాసనం విండ్సర్ కోటకు పోయి 1934లో తిరిగొచ్చింది. ఇప్పుడు కొలంబో జాతీయ మ్యూజియంలో ఉంది, పొలన్నరువ శివాలయాల కంచు విగ్రహాలు కూడా అక్కడే చూడొచ్చు. విమానానికి ముందు కనీసం సగం పూట దానికి కేటాయించండి.

రోజులు తక్కువుంటే అనూరాధపురం తగ్గించుకోండి కానీ పొలన్నరువ తగ్గించొద్దు. తిరుగు టికెట్ చెన్నై మీదుగా దొరికితే ఇంకో మజిలీ కలపొచ్చు. శ్రీవిక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువాళ్ళు వెల్లూరు కోటలో ఉంచారు, 1832లో అక్కడే పోయాడు. సమాధి పాలారు ఒడ్డున ముత్తు మండపంలో ఉంది. ఆస్పత్రి పని మీద మనవాళ్ళు వెల్లూరు వెళ్తూనే ఉంటారు, ఆటో ఎక్కితే ఎక్కువ దూరం కూడా కాదు.