గోడ మీది జువ్వా, గట్టు మీది చింతా: బోన్సాయ్‌కి ఏది మేలు?

తొలకరి పడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. బోన్సాయ్ కోసం బయట పెరిగిన ముదురు మొదలు తవ్వి తెచ్చుకోవాలి, జువ్వి మంచిదా, చింత మంచిదా అని. జపాన్ వాళ్లు యమదోరి అనేది దీన్నే.

ముందు చెట్టును గుర్తుపట్టాలి కదా. జువ్వి అని తెచ్చుకునేవాళ్లలో చాలామంది ఇంటికి మోసుకొచ్చేది రావిని. ఆకులుంటే తికమక లేదు. రావి ఆకుకు సన్నని పొడవాటి తోక ఉంటుంది. జువ్వి ఆకు కోలగా ఉండి పొట్టి మొనతో ఆగిపోతుంది. మర్రి ఆకు మందం, కొన మొద్దు. ఆకు రాల్చిన చెట్టుతోనే చిక్కు. గిల్లితే పాలు కారడం, రెమ్మ చుట్టూ ఉంగరంలా గీత ఉండడం ఈ మూడింటికీ ఉన్న లక్షణాలే. అలా ఒక వేసవిలో పాత ప్రహరీ మీద మోడును జువ్వి అనుకుని తెచ్చాను. చిగురేశాక చూస్తే రావి. ఇప్పటికీ కొమ్మ కత్తిరిస్తే కత్తిరించిన చోటు నుంచి వెనక్కి ఎండుతుంది. ఇంట్లో రావి ఏమిటని మా అత్తగారి సణుగుడు అదనం.

చింతను సీమచింతతో పొరబడేవాళ్లూ ఉన్నారు. సీమచింత ఆకుకు నాలుగే రేకులు, మొదట్లో జంట ముళ్లు. చింతకు ముల్లు ఉండదు, ఈనెకు అటూ ఇటూ చిన్న ఆకులు 10 జతలకు పైనే.

ఇక అసలు సంగతి వేరు. అందరూ కాండం లావు, వంపు చూసి మురిసిపోతారు. నేను ముందు చెట్టు మొదట్లో మట్టి గీకి చూస్తాను, తవ్వాక చెట్టును బతికించేది పీచు వేర్లే. కాండానికి జానెడు లోపల పీచు వేర్లు కనబడకపోతే, అది ఎంత అందంగా ఉన్నా లేచి వచ్చేస్తాను.

ఈ లెక్కన జువ్వికి ఢోకా లేదు. ఇటుకల సందుల్లోంచి వేరు తెగి వచ్చినా, కాండాన్ని ఇసుకలో పాతి నీడన ఉంచితే మళ్లీ వేరు పోసుకుంటుంది. గోడ పగులుతుందని బాధపడే యజమాని ఉలి కూడా తనే తెచ్చిస్తాడు. గోడకు అంటుకుని పెరిగింది కాబట్టి వేర్లు ఒక పక్కకే ఉంటాయి. దాన్నే బండ మీద కూర్చోబెడితే ఆ లోపమే అందమవుతుంది.

చింతలో మాత్రం చెట్టు కన్నా నేలను చూడాలి. మెత్తటి నల్లరేగడిలో పెరిగితే తల్లివేరు నిట్టనిలువునా దిగిపోతుంది, తవ్వితే బతకడం కష్టం. అడుగున బండ తగిలే ఎర్రనేలలో అయితే వేరు కిందికి పోలేక పక్కలకు పాకుతుంది. పైగా మేకలు ఏళ్ల తరబడి కొరికినది దొరికితే మోకాలెత్తులోనే మొదలు లావెక్కి, బెరడు పగిలి, ముసలి చెట్టులా ఉంటుంది. ఆకు ఎలాగూ చిన్నదే. అది జువ్విలో ఎన్నేళ్లు కష్టపడినా రాదు.

మొదటిసారైతే జువ్వి తెచ్చుకోండి, చావదు. నా మనసు మాత్రం చింత మీదే. వెలగ బాగుంటుంది, ముళ్లు ఓర్చుకోవాలి. పాత ఇళ్ల కాగితాల పూల మొదళ్లు సులువు, అంతకు మించి చెప్పడానికి లేదు.

ఏదైనా సరే, పొలం యజమానిని అడిగి తవ్వండి. రిజర్వు అడవి జోలికి వెళ్లొద్దు, అక్కడ మొక్క పీకడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. తెచ్చాక కనీసం ఏడాది పెద్ద తొట్టిలో, ముతక ఇసుకలో ఉంచాలి. వెంటనే బోన్సాయ్ పళ్లెంలోకి మార్చొద్దు. చింత బతికిందో లేదో టెన్షన్‌గా ఉంటే సాయంత్రం చూడండి. చీకటి పడేసరికి కొత్త ఆకులు ముడుచుకుంటున్నాయంటే కుదురుకుంటున్నట్టే.

ఈ ఏడు ఒక గట్టు మీది చింతకు సగం చుట్టూ గాడి తవ్వి, అటు వేర్లు కోసి, మొదలు దగ్గరే కొత్త పీచు వేర్లు రావాలని ఇసుకతో పూడ్చి వచ్చాను. మిగతా సగం వచ్చే జూన్‌లో. అప్పటిదాకా దాన్ని నరకనని ఆ రైతు మాటిచ్చాడు, మేకల సంగతే తెలియదు.